ప్రాచీననగరమును పరదేశి చూచుట

యాత్రాచరిత్రలు మన భాషలో క్రొత్తవి కావు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31 సంవత్సరములలో చెన్నపట్టణమునుండి కాశికి పోయి వచ్చుచు, త్రోవలోని మజిలీలను, సుంకములను, వస్తువుల ధరలను, జనుల యాచారములను తమ మిత్రునకు జాబులుగా వ్రాసి పంపిరి. ఆ జాబులు 1838లో గ్రంథరూపమున వెలువడెను. నాటినుండి నేటివరకు తెలుగువాడు కాలు మోపని ఖండము లేదు. కాలు మోపినవాడు కలము పట్టని దేశమును లేదు. ఇది మనకు గర్వింపదగిన విషయమే. కాని యీ గ్రంథములలో పెక్కింటిని చదివి మూసిన పిమ్మట మన మనస్సున నిలుచునది యేమి? గోపురముల యెత్తు, కోటగోడల పొడవు, వంతెనల లెక్క, భోజనశాలలో పచ్చడి దొరకలేదను విచారము. ఆ యూర నొక నేతపనివాడు దినమున కెంత సంపాదించునో, ఒక యిల్లాలు ఏ వేళ లేచి యే వేళ పరుండునో, ఒక బాలిక యే తరగతివరకు చదువునో మనకు తెలియదు. నగరమును చూచితిమందురు, నగరమున వసించువారిని చూచినట్లు మాత్రము కానరాదు.

ప్రాచీననగరమును పరదేశి యెట్లు చూడవలెను, చూచినదాని నెట్లు వ్రాయవలెను అనునది సాహిత్యవిమర్శకు చెందిన ప్రశ్న మాత్రమే కాదు. సంఘమునకు చెందిన ప్రశ్నయు నగును. ఒక దేశమును గూర్చి మన యింటనున్న పిల్లలకు కలుగు తొలి యభిప్రాయము తరచుగా ఇట్టి వ్రాతలనుండియే కలుగును. తప్పు చూపునుండి తప్పు అభిప్రాయమును, తప్పు అభిప్రాయమునుండి ద్వేషమో, గుడ్డి యారాధనమో పుట్టును. ఓరుగంట నివసించు మాకు ఈ ప్రశ్న మిక్కిలి దగ్గరిది. ఏడువందల యేండ్లుగా ఈ నగరమును గూర్చి దూరదేశీయులును, తెలుగుకవులును వ్రాసియున్నారు. ఆ వ్రాతలను ప్రక్కప్రక్కన బెట్టి చదివినచో చూపులలోని తారతమ్యము స్పష్టమగును. ఆ తారతమ్యమును చూపి, పిమ్మట తెలుగునాటికి వచ్చిన రష్యాదేశపు వర్తకు నొక్కని చూపును గీటురాయిగా గైకొని, నేడు రష్యానగరములకు పోవు మన బాలబాలికలకు పనికివచ్చు మాట యొకటి చెప్పవలెనని మా యుద్దేశము.

మొదట వెనీసు వర్తకుడు మార్కోపోలో. అతడు పదుమూడవ శతాబ్ది చివర మన తీరమును గూర్చి వ్రాసెను. మోటుపల్లి రేవుపేరుతోనే యీ రాజ్యమును పిలిచెను. ఓరుగల్లు పేరైన నతని గ్రంథమున లేదు. ఈ రాజ్యమును ధర్మశీలయు, శాంతిప్రియయు నగు రాణి యేలుచున్నదనియు, ప్రజలు తొల్లిటి రాజుకన్న నామెను మిన్నగా ప్రేమించుచున్నారనియు చెప్పెను. సాలెపురుగు దారమువంటి సన్నని వస్త్రములు ఇచ్చట నేయుదురని ప్రశంసించెను. రుద్రమదేవినిగూర్చియు, మన నేతనుగూర్చియు పరదేశి చేసిన యీ ప్రశంస మనకు ప్రియమైనదే. కాని విమర్శకుడు ప్రియమైనదానిని గూడ పరీక్షింపవలెను. రాణి తన భర్త మరణానంతరము నలుబది యేండ్లనుండి యేలుచున్నదని అతడు వ్రాసెను. రుద్రమ గణపతిదేవుని కూతురు గాని భార్య గాదు; ఆమె రాజ్యమేలినది 1262 మొదలు 1289 వరకు. చందుపట్ల శాసనమును బట్టి 1289 నాటికే యామె పరమపదించెను. మార్కోపోలో మన సముద్రతీరమున సాగిపోయినది అటుతరువాతనే. ఇక వజ్రములను గూర్చి అతడు చెప్పినది చూడుడు: పాములతో నిండిన లోయలలోనికి మాంసఖండములను విసరుదురట; గ్రద్దలు వానిని వజ్రములతో గూడ పైకి గొనివచ్చునట! ఇది రేవులో ఓడవారు చెప్పుకొను కథ. ఇతని చూపు చెవితో చూచిన చూపు. మంచివాడే, మనయం దభిమానము గలవాడే. కాని విన్నదానికిని కన్నదానికిని నడుమ గీత గీయలేదు.

రెండవవాడు ఢిల్లీ యాస్థానకవి అమీర్ ఖుస్రో. 1310లో మాలిక్ కాఫూరు ఓరుగంటిని ముట్టడించిన వృత్తాంతమును ఖజాయినుల్ ఫుతూహ్ అను పారసీక గ్రంథమున నతడు వర్ణించెను. వెలుపలి మట్టికోట యెంత గట్టిదో, లోపలి రాతికోట యెంత నునుపైనదో, అగడ్త యెంత లోతైనదో, లొంగిన రాజునుండి యెన్ని యేనుగులును, ఎంత ధనమును లభించెనో చక్కని యలంకారములతో చెప్పెను. కోట బలమును మెచ్చుకొనుటలో నతడు లోభము చూపలేదు. ఏలయన గోడ యెంత గట్టిదైన గెలిచినవాని కీర్తి యంత పెద్దది గదా! ఆ వర్ణనలో నగరము జయింపదగిన వస్తువు. గోడలోపల జనులున్నారనుట, వారికి ఆకలిదప్పులున్నవనుట, ఆ శీతకాలమున వా రెట్లు దినములు గడపిరనుట అచ్చట అవసరములేని మాట. కవి ప్రతిభావంతు డగుటచే ఈ లోపము మాసిపోదు. పైగా ప్రతిభ దానిని కప్పిపెట్టుటచే మరింత ప్రమాదకరమగును. ఇది గెలిచినవాని చూపు. నేటి యాత్రికులలో ఆయుధము పట్టనివారు గూడ ఈ చూపుతో తిరుగువారు కలరు. ఎన్ని నగరములు చూచితిమను లెక్కయే వారి విజయయాత్ర. ప్రతి కోటయెదుట తీయించుకొన్న ఛాయాచిత్రమే వారి జయస్తంభము.

మూడవది మనవారి చూపే. వినుకొండ వల్లభరాయని క్రీడాభిరామము ఓరుగంటి నగరదర్శనమునకు తెలుగున సాటిలేని గ్రంథము. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామమున కిది యనుసరణము. ఇది వల్లభరాయనిది కాదు, శ్రీనాథునిదేయని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాదించిరి. ఆ వివాదముతో మన కిప్పుడు పనిలేదు. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి యను మిత్రు లిరువురు ఒక దినమెల్ల ఓరుగంటి వీథులలో తిరుగుదురు. పూటకూటింట ఒక రూక కేమేమి వడ్డింతురో మనకు తెలియును. కోడిపందెములు, పొట్టేళ్ల పోరు, పల్నాటివీరుల కథ పాడువారు, ఏకవీరాదేవి గుడి, మాచల్దేవి చిత్రశాల, అన్నియు మన కన్నులకు గట్టును. 1323లో నగరము కూలిన పిమ్మట సుమారు నూరేండ్లకు వ్రాయబడినను, ఈ గ్రంథమున నగరము సజీవముగ నున్నది. సురవరము ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘికచరిత్రమును వ్రాయునపుడు రాజుల శాసనములతో తృప్తిపడక ఇట్టి కావ్యములను ఆధారముగా గొనిరి. ఆ గ్రంథమునకే 1955లో తెలుగునకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. ఒక పూటకూటిల్లు జనజీవనమును గూర్చి చెప్పు సత్యము ఒక జయస్తంభము చెప్పజాలదని వారు గ్రహించిరి.

ఇంత మెచ్చుకొన్న పిమ్మట దోషమును గూడ చెప్పవలెను. మంచనశర్మయు, టిట్టిభసెట్టియు విలాసపురుషులు. వారు నగరమును చూచుటకు పోయినది వినోదమునకై. వారి త్రోవలో కనబడిన స్త్రీ యే కులమునదైనను, ఏ వృత్తియందున్నదైనను, తరచుగా వారి కంటివిందునకు మాత్రమే యుపయోగపడును. ఆమె బ్రదుకులోని కష్టము వారి కక్కరలేదు. పూటకూటింటి విస్తరిలోని పదార్థములు లెక్కపెట్టబడెను. తెల్లవారకమున్నే లేచి వానిని వండిన చేతులు లెక్కలోనికి రాలేదు. కావ్యధర్మము నెరిగినవారు దీనికి కవిని నిందింపరు. వీథి యను రూపకభేదమునకు శృంగారము సహజము. కాని చూపు విషయమున మనము మోసపోరాదు. చెవితో చూచినవాడు, గెలిచి చూచినవాడు, వినోదమునకై చూచినవాడు: ఈ మువ్వురును ఓరుగంటిని చూపిరి, చూడవలసినదానిలో సగము మువ్వురికిని తప్పిపోయెను.

వీరికంటె వేరైన నాల్గవ చూపు కావలెనన్న ఓరుగంటికి పడమటనున్న బీదరునకు పోవలెను. 1425 ప్రాంతమున ఓరుగల్లు బహమనీ రాజ్యమున జేరిపోయెను; ఆ పిమ్మట బీదరు ఆ రాజ్యమునకు రాజధానిగా వెలసెను. అచ్చటికి 1470 ప్రాంతమున అఫనాసీ నికితిన్ అను రష్యను వర్తకుడు వచ్చి చేరెను. అతని జన్మస్థానము వోల్గానది యొడ్డున నున్న త్వేర్ నగరము. నది వెంబడి సరకుతో బయలుదేరి, అస్త్రఖాను చెంత తాతారులచే దోపిడికి గురియై, ఇంటికి తిరిగిపోయిన ఋణదాతలకు ముఖము చూపజాలక, పారసీకదేశము మీదుగా హొర్ముజు చేరి, ఒక గుర్రమును గొని యోడయెక్కి చౌల్ రేవున దిగెను. వాస్కోడిగామా కళ్లికోట చేరుటకు పాతికయేండ్లకు పైగా ముందుమాట ఇది. జున్నరు పట్టణమున అధికారి యాతని గుర్రమును లాగికొని, మతము మార్చుకొన్నచో గుర్రమును, వేయి బంగారునాణెములను ఇచ్చెదననెను. ఒక ఖొరాసానువాని మధ్యవర్తిత్వమున గుర్రము తిరిగి లభించెను; మతమును నిలిచెను. ఇతని వెనుక సేన లేదు, రాజపత్రము లేదు. ఉన్నది ఒక గుర్రము, ఒక భయము, వ్రాసికొను నలవాటు. ఈ వ్రాతయే మూడుసముద్రముల కావలి యాత్ర యను పేర రష్యను సాహిత్యమున స్థిరముగ నిలిచినది.

బీదరులో జరిగిన సంగతి యొకటి ఈ గ్రంథమునకు ప్రాణమని మా యభిప్రాయము. పరదేశి యగుటచే నతడు ఖొరాసాను వర్తకుని పేరు పెట్టుకొని తిరుగుచుండెను. ఆ వేషమున్నంతకాలము హిందువు లాతనితో సరకుల బేరము తప్ప మరేమియు మాటాడరైరి. కొన్నినాళ్ల పరిచయము పిమ్మట నతడు తాను మహమ్మదీయుడను గాననియు, క్రైస్తవుడననియు, తన పేరు అఫనాసీ యనియు వారికి జెప్పెను. అంతట వా రాతనియెడ దాపరికము మానిరి. తాము తినునది యేదో, తిననిది యేదో, వ్యాపార మెట్లు చేయుదురో, ప్రార్థన యెట్లు సలుపుదురో తెలిపిరి. తమ యిండ్లలోని స్త్రీలను గూడ మరుగుచేయరైరి. పాఠకు లిచ్చట కొంచెము నిలిచి యాలోచింపవలెను. నగరద్వారము నతనికి తెరచినది ధనము కాదు, అధికారము కాదు. తా నెవరో చెప్పుకొనుట. మనము మన పేరు చెప్పిననే గాని ఎదుటివాడు తన యిల్లు చూపడు. యాత్రాశాస్త్రమున నింతకు మించిన సూత్రము మాకు కనబడలేదు.

ఆ స్నేహఫలముగా వారు శివరాత్రికి తమ పుణ్యక్షేత్రమునకు పోవుచు అతనిని వెంటగొనిపోయిరి. అతడు పర్వతమని పేర్కొన్న యా క్షేత్రము మన శ్రీశైలమేయని పలువురు పండితులు నిర్ణయించిరి. తెలుగుదేశపు శివరాత్రిని వోల్గాతీరపు క్రైస్తవుడు చూచి వ్రాసినా డన్నమాట! రాతిలో చెక్కిన దేవతామూర్తులను, నల్లరాతి నందిని, తల గొరిగించుకొను యాత్రికులను అతడు వర్ణించెను. ఈ క్షేత్రము హిందువులకు తమ యెరూషలేమువంటిదని తనవారికి తెలియునట్లు పోల్చి చెప్పెను, పరిహసింపలేదు. అంతటితో నాగక, గుడికి వచ్చు యాత్రికునివద్ద పుచ్చుకొను సుంకమును గూడ లెక్కగట్టి వ్రాసెను. మూడువందల యరువదియేండ్ల పిమ్మట మన వీరాస్వామయ్యగారు అదే కొండకు పోయి, యాత్రికులనుండి కందనూరి నవాబు పక్షమున వసూలు చేయు సొమ్మును గూర్చి వ్రాసిరి. ఒకడు రష్యను, ఒకడు తెలుగువాడు. ఒకడు క్రైస్తవుడు, ఒకడు శివకేశవుల కిరువురికి మ్రొక్కు బ్రాహ్మణుడు. ఇరువురును శిఖరమును చూచిరి. ఇరువురును శిఖరముక్రింద చేయి చాపి నిలుచున్న సుంకరిని గూడ చూచిరి. మంచి యాత్రికుల కులము ఒక్కటే యనుట కింతకన్న నిదర్శన మేల?

నికితిన్ చూచిన మరి రెండు విషయములు మనకు చేదుగా నుండును. కావుననే యవి ముఖ్యములు. బీదరు సుల్తాను వాహ్యాళికి వెడలునపుడు ఎన్ని యేనుగులు, ఎంద రాశ్వికులు, ఎట్టి బంగారు జీనులో అతడు విస్తారముగ వర్ణించెను. అయినను ఆ తళతళలో నతని కన్ను చెదరలేదు. ఈ దేశమున ప్రభువులు మిక్కిలి ధనవంతులనియు, పల్లెజనము మిక్కిలి దరిద్రమున నున్నదనియు ఆ పుటలలోనే వ్రాసిపెట్టెను. వెండిపల్లకి నెక్కినవానిని, దానిని మోయువానిని ఒకే చూపున చూచెను. రెండవది: ఈ దేశమున ఎనుబదినాలుగు తెగలు కలవనియు, ఒక తెగవారు మరియొక తెగవారితో కూడి భుజింపరనియు, వియ్యమందరనియు వ్రాసెను. సంఖ్య సరియా కాదా యనునది యట్లుండనిండు. ఒక పంక్తిని కూర్చుండని జనమును చూచి పరదేశి యాశ్చర్యపడెను. మన సంస్కర్తలు పందొమ్మిదవ శతాబ్దమునుండి మొరపెట్టుచున్న దోషము పదునైదవ శతాబ్దమునందే ఒక బాటసారి కంటబడినది. ఇంటివారికి మాత్రము అలవాటుచేత కనబడదయ్యెను. పరదేశి చూపువలన మనకు కలుగు మేలిదే. మనము చూచి చూచి చూడని వస్తువును అతడు క్రొత్తగా చూచును.

ఈ గ్రంథము దోషరహితమని మేము చెప్పము. రాత్రి యెగిరి యే యింటిపై వ్రాలిన ఆ యింట చావు కలుగునను పక్షిని గూర్చియు, సైన్యముగల కోతులరాజును గూర్చియు నితడును విన్నది విన్నట్లు వ్రాసినాడు. మన స్త్రీలను గూర్చిన కొన్ని మాటలు తొందరపాటుతో గూడినవి. బజారులో గన్నదానిని ఇండ్లన్నిటికి అన్వయించిన తావులు కలవు. కాని యన్ని దోషములను మించిన గుణ మొకటి యున్నది. పరదేశమున తిరుగుచు నతడు తన దేశమును మరల చూచెను. పుస్తకములు దోపిడిలో పోవుటచే పండుగ యెన్నడో, ఉపవాస మెన్నడో తెలియక యతడు పడిన దుఃఖము చదువరి మనస్సును కలచును. గ్రంథమున నొకచోట, రష్యను భాషను విడిచి తురుష్కభాషలో, తన దేశమును దేవుడు కాపాడవలెననియు, అట్టి దేశము లోకమున మరియొకటి లేదనియు, అయినను అచ్చటి ప్రభువులు న్యాయవర్తనులు కారనియు వ్రాసికొనెను. స్వదేశప్రేమయు, స్వదేశదోషదర్శనమును ఒకే వాక్యమున నిముడుట మే మిచ్చట చూచితిమి. మన దోషమును చెప్పినవాడు తన దోషమును గూడ చెప్పుకొనెను. కావుననే యతని నిందలో విషము లేదు. ఇట్టివాడు తన యూరు చేరకమునుపే స్మొలెన్స్కు సమీపమున మరణించెను. అతని వ్రాతప్రతి తోడి వర్తకుల చేతిమీదుగా మాస్కోకు చేరెను.

పరదేశికి నీతి చెప్పిన పిమ్మట గృహస్థునకు గూడ చెప్పుట న్యాయము. అతిథి సరిగా చూడవలెనన్న గృహస్థు సరిగా చూపవలెను. జున్నరులో నికితిన్ గుర్రమును లాగికొన్నది గృహస్థుని తప్పు. ఇట్టి తప్పు జరుగకుండుటకై అంతకు రెండువందల యేండ్లకు పైగా ముందే ఓరుగంటి ప్రభువొకడు శాసనము వేసియుండెను. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవున వేయించిన యభయశాసనమును మన విద్యార్థు లందరు కంఠస్థము చేయదగును. తుపానున దెబ్బతిని యొడ్డునకు కొట్టుకొనివచ్చిన యోడలలోని బంగారమును, ఏనుగులను, గుర్రములను, రత్నములను తొల్లిటి రాజులు బలాత్కారముగ గైకొనుచుండిరట. తాము ప్రాణములకన్న ధనము మిన్నగా నెంచి సముద్రము దాటి వచ్చు వర్తకులయందలి దయచేతను, కీర్తికొరకును, ధర్మముకొరకును నిర్ణీతశుల్కము తప్ప మరేమియు గ్రహింపమని గణపతిదేవుడు మాట యిచ్చెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకవంతు. వేయిస్తంభముల గుడినిగూర్చి, కీర్తితోరణములనుగూర్చి మనము గర్వపడుదుము; పడవలసినదే. కాని దిక్కులేక యొడ్డున బడ్డ పరదేశి సొత్తును ముట్టననిన యీ రాతిపలుకు కాకతీయుల తోరణములన్నిటిలో నెత్తైన తోరణమని మేము భావింతుము.

ఇక త్వేర్ నగరమును గూర్చి. ఓరుగల్లు వాసికి ఆ నగరచరిత్ర పరాయిదిగా తోపదు. 1323లో ఉలుగ్ ఖాను సేనలచే ఓరుగల్లు కూలెను. నాలుగేండ్లకు, 1327లో, తాతారులపై తిరుగబడిన త్వేర్ దగ్ధమయ్యెను. తగులబెట్టిన సేనలో మాస్కో రాజును నుండెను. ఓరుగంటికి సుల్తానుపురమని పేరు మార్చిరి. ఆ పేరు నిలువలేదు. త్వేరునకు 1931లో కాలినిన్ అని పేరు మార్చిరి. 1990లో ప్రాతపేరు మరల వచ్చెను. 1485లో మాస్కో రాజ్యము త్వేరును మ్రింగివేసెను. 1763లో అగ్నిప్రమాదము జరుగగా నగరమును క్రొత్త వీథులతో మరల కట్టిరి. పీటర్సుబర్గు మాస్కోల నడుమ రాణి యేకతెరీనా దిగుటకు కట్టిన మజిలీమందిరము నేడు చిత్రశాలగా నున్నది. 1941లో జర్మనుసేనలు రెండు నెలలు ఆ యూరిని ఆక్రమించుకొనెను. 1935లో కూల్చిన ప్రాచీనదేవాలయమును ఇటీవల మరల నిర్మించిరి. వోల్గాతీరమున 1955లో నెలకొల్పిన నికితిన్ విగ్రహమున్నది. ఈ సంగతులు తెలియని పరదేశి ఆ క్రొత్త దేవాలయమును చూచి పదుమూడవ శతాబ్దిదని వ్రాయును. తెలిసినవాడు ఒక జనము పోగొట్టుకొన్నదానిని మరల గట్టుకొనుటలోని యార్తిని చూచును. ఇరువురు చూచినదియు అదే గోడ.

నేడు వైద్యవిద్యకై రష్యాకు పోవు తెలుగుబిడ్డలు తక్కువవారు కారు. త్వేర్ నగరమున గూడ భారతీయవిద్యార్థు లున్నారు. నికితిన్ విడిచి వచ్చిన యొడ్డునకు మన పిల్లలు చేరుట కాలము చేసిన చమత్కారము. వారిలో అనేకులు బాలికలనుట మా కెంతయో సంతోషము. వంద యేండ్ల క్రిందట ఆడపిల్లను పొరుగూరి బడికి పంపుటకు వెనుదీసిన ఇండ్లనుండి నేడు మంచుదేశమునకు ఒంటరిగా పోవుచున్నారు. ఈ బిడ్డలు ఇంటికి పంపు మాటలనే మేము భావి యాత్రాసాహిత్యమని భావించుచున్నాము. కాని దురదృష్టవశమున సెల్ ఫోను మూలమున వచ్చు చిత్రములలో ముందు పిల్లల ముఖమును, వెనుక మంచును, గోపురమును ఉండును. ఆ గోపురము నీడలోని మనుష్యు డుండడు. తల్లిదండ్రులు తిన్నావా, చలిగా నున్నదా యని యడుగుదురు, ఇది ప్రేమ. దానికి తోడుగా మరి రెండు ప్రశ్నలు కూడ నడుగుదురుగాక. నీవున్న యింటి వీథిని తెల్లవారి ఊడ్చునది యెవరు? ఆమెతో నీ వెన్నడైన ఆ దేశపుభాషలో మాటాడితివా? ఈ ప్రశ్నలకు ప్రత్యుత్తరము వ్రాయగలిగిన బాలిక ఎంతటి వైద్యురాలగునో వేరుగ చెప్పనక్కరలేదు; రోగిని చూచుటయు పరదేశమును చూచుటయు ఒకే విద్య.

ఆ పిల్లలు వట్టి రష్యాస్తుతి చేయనక్కరలేదు, రష్యానింద చేయనక్కరలేదు. గత శతాబ్దమున ఆ దేశమును గూర్చి మనవారు వ్రాసినవానిలో స్వర్గముగా వ్రాసినవారు నుండిరి, నరకముగా వ్రాసినవారు నుండిరి. ఇంటనుండి కట్టుకొని పోయిన యభిప్రాయపుమూటను అచ్చట విప్పకయే తిరిగి తెచ్చినవా రెందరో! అట్టివారికి ప్రయాణవ్యయము వృథా. నికితిన్ త్రోవలో నున్నది మూడు సూత్రములు. తా నెవరో దాచకుండుట మొదటిది. శిఖరముతో పాటు సుంకమును, పల్లకితో పాటు బోయీని చూచుట రెండవది. చూచినదానితో తన యూరిని పోల్చుకొని, తన యూరి దోషమును ప్రేమతో చెప్పుకొనుట మూడవది. ఈ మూటిలో మూడవదే కఠినము. పరాయి నగరపు శుభ్రతను మెచ్చుకొని మన వీథికి వచ్చి పూర్వమువలెనే చెత్త పారవేయువాని యాత్ర పూర్తి కాలేదు.

ఓరుగంటికి వచ్చు పరదేశులయెడ మనము నడచుకొను తీరును గూడ విచారింతము. 2021లో పాలంపేట రామప్పగుడి యునెస్కో ప్రపంచవారసత్వపు పట్టికలో చేరినది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన యా గుడిని చూచుటకు దూరదేశీయులు వచ్చుచున్నారు. వచ్చినవానికి మనము చూపునది యేమి? తోరణమును చూపి రాజుపేరు చెప్పుదుము. నీటిపై తేలు ఇటుకను గూర్చి చెప్పుదుము. ఖుష్‌మహలును గూర్చి యడిగిన తొట్రుపడుదుము; అది కాకతీయులది కాదని చెప్పుట మన గౌరవమునకు కొరతయని కాబోలు! కోటలో 1504 నాటి శాసనము వేయించిన షితాబుఖాను కథ, సీతాపతియను పేరుతో బోయకులమున బుట్టి ఓరుగంటి నేలినవాని కథ, చెప్పువా రరుదు. కోట కీర్తి ఒక వంశముతో ముగియలేదు. కోటగోడల లోపల నేటికిని ఊరున్నది, పొలములున్నవి, పిల్లలు బడికి పోవుచున్నారు. ఆ యూరివారికి గోడ చరిత్ర కాదు, పెరటిగోడ. పరదేశి ఆ యింటి యరుగుపై నొక గడియ కూర్చుండి మాటాడినచో, ఏడు శతాబ్దముల పిమ్మట గూడ ఈ నగరమేల చావలేదో గ్రహించును. కాని యట్టి యరుగునకు త్రోవ చూపువాడు కావలెను. ఆ యరుగుపై కులమడుగక మంచినీళ్లిచ్చు ఇల్లాలును కావలెను.

కావున యాత్రాగ్రంథము నింటికి తెచ్చుకొనునపుడు చదువరులు ముఖచిత్రమును చూచి మోసపోరాదు. అందు గోడలెన్ని, మనుష్యులెందరు అని లెక్కింపవలెను. విన్నది వేరుగను, కన్నది వేరుగను చెప్పినాడా యని పరీక్షింపవలెను. పరదేశమును తిట్టినచో తన దేశమును గూడ ఒక మాట యన్నాడా, పొగడినచో అచ్చటి దరిద్రుని గూడ చూచినాడా యని యడుగవలెను. ఈ పరీక్షలో నిలిచిన గ్రంథము చిన్నదైనను గృహమున నుంచదగినది. నిలువనిది యెంత సొంపుగ నచ్చయినను త్రోవఖర్చుల చిట్టాయే. నగరములను కట్టినది రాజులని శాసనములు చెప్పును. వానిని నిలిపినది జనులని చెప్పుటకు యాత్రికుడున్నాడు. అతడు గూడ ఆ మాట చెప్పనిచో మరెవరు చెప్పుదురు?